సోల్ ఏజెన్సీ కాంట్రాక్టు నడుస్తుండగా తెలిసినవాళ్ళకే ఇల్లు అమ్ముకుంటే ఏజెంటుకి కమీషన్ కట్టాలా?

రెడింగ్_వానజల్లు:

అందరికీ నమస్తే. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్ళు ఎవరైనా దారి చెప్తారని రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మేం ఇంగ్లండులో రెడింగ్ దగ్గర ఉంటాం. మూడు బెడ్‌రూముల సెమీ, అంటే ఒక వైపు గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు, ఏడేళ్ళ కిందట కొన్నాం. మావారికి మాంచెస్టర్‌లో ఉద్యోగం వచ్చింది, మా పెద్దవాడు సెప్టెంబరులో ఇయర్ సెవెన్‌కి వెళ్ళాలి, అందుకని వేసవిలోపే ఇల్లు అమ్మేసి వెళ్ళిపోవాలని ఫిబ్రవరి చివర్లో ఒక ఏజెంటుని పిలిచాం. ఆయన శనివారం పొద్దున వచ్చి ఇల్లంతా తిరిగి చూసి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, తన ట్యాబ్ మీదే మావారి చేత సంతకం పెట్టించుకున్నాడు. నేను లోపల టీ పెట్టి తెచ్చేసరికి ఆ పని అయిపోయింది. సాయంత్రానికి తొమ్మిది పేజీల పీడీఎఫ్ మెయిల్‌కి వచ్చింది. నిజం చెప్పాలంటే మేం దాన్ని తెరిచి చూడలేదు. 1.25 శాతం ప్లస్ వ్యాట్, పన్నెండు వారాలు, ఈ రెండు ముక్కలే బుర్రలో ఉన్నాయి.

పది వారాల్లో ఆరుగురు వచ్చి చూశారు. ఒక్క ఆఫర్ వచ్చింది, అదీ మేం అడిగినదానికి పాతిక వేలు తక్కువ. మేం ఫోన్ చేస్తే ఏజెంటు ఎత్తడు, తను చేసినప్పుడల్లా "ధర తగ్గిద్దామా" అనే మాటే.

ఇంతలో పిల్లల్ని దింపే ఆదివారం తెలుగు క్లాసు దగ్గర ఒకామె, ముఖపరిచయమే, "మీ ఇల్లు అమ్ముతున్నారటగా అక్కా, మేం వచ్చి చూడొచ్చా" అని అడిగింది. భార్యాభర్తలిద్దరూ ఆ సాయంత్రమే వచ్చి చూశారు, మర్నాడు వాళ్ళ అమ్మానాన్నల్ని వీడియో కాల్‌లో పెట్టి గదిగదీ చూపించారు, 3,85,000 పౌండ్లకి మాట కుదిరింది. వాళ్ళకి మార్ట్‌గేజ్ కూడా ముందే మాట్లాడి ఉంది. మేం సంతోషంగా ఏజెంటుకి మెయిల్ పెట్టాం, కొనేవాళ్ళు మాకే దొరికారండీ, లిస్టింగ్ తీసేయండి అని. రెండు లైన్ల జవాబు వచ్చింది: అభినందనలు, క్లాజు 4 ప్రకారం ఎక్స్ఛేంజ్ (రెండు వైపులా కాంట్రాక్టులు మార్చుకుని అమ్మకం ఖాయం కావడం) అయిన రోజున మా ఫీజు మాకు కట్టాలి.

లెక్క వేస్తే వ్యాట్‌తో కలిపి 5,775 పౌండ్లు. ఆయన తెచ్చిన మనిషి కాదు, ఆయన చూపించిన ఇల్లు కాదు. మా నాన్నగారు కూకట్‌పల్లిలో ఫ్లాట్ అమ్మినప్పుడు నలుగురు బ్రోకర్లకి చెప్పారు, కొనేవాణ్ణి తెచ్చినతనికే కమీషన్ ఇచ్చారు, మిగతా ముగ్గురూ ఒక్క మాట అనలేదు. ఇక్కడ ఇదేం న్యాయం? నిజంగా కట్టాలా?

గుంటూరు_టు_స్లౌ:

అయ్యో, మీరు ఏజెంటుకి చెప్పకుండా ఉండాల్సింది అక్కా. ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. పది వారాలు అయ్యాయిగా, ఇంకో రెండు వారాలు ఆగండి. ఆ కొనేవాళ్ళు వద్దనుకున్నారని చెప్పేయండి. కాంట్రాక్టు అయిపోయాక నెమ్మదిగా ఎక్స్ఛేంజ్ చేసుకోండి, ఎవడు చూస్తాడు? మా ఫ్రెండ్ ఒకతను అలాగే చేశాడు, ఏం కాలేదు.

పాతకాపు_మిల్టన్‌కీన్స్:

తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పావు గానీ ఈ సలహా మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. ఇల్లు ఎవరి పేరు మీదికి మారిందో, ఎంతకి మారిందో ల్యాండ్ రిజిస్ట్రీలో పడుతుంది, ఏడు పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. ఏజెంట్లు తమ చేయి దాటిపోయిన ఇళ్ళని ఆ రకంగా చూసుకుంటూనే ఉంటారు. పైగా అబద్ధం చెప్పినట్టు మెయిల్లో ఉంటే రేపు ఏజెంట్ల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గర మన వైపు న్యాయం ఉన్నా అది బలహీనపడుతుంది.

చెల్లెమ్మా, నువ్వు ముందు చేయాల్సింది ఒక్కటే, ఆ తొమ్మిది పేజీలు తెరువు. అందులో "సోల్ ఏజెన్సీ" అని ఉందా, "సోల్ సెల్లింగ్ రైట్స్" అని ఉందా చూడు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, మనవాళ్ళలో చాలామంది ఒకటే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కానీ 5,775 పౌండ్లు కట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

సోల్ ఏజెన్సీ అంటే, ఏజెంటుగా వాళ్ళొక్కరే ఉండాలి. ఆ గడువులో ఇంకో ఏజెంటు ద్వారా అమ్మితే మొదటివాళ్ళకి కూడా కట్టాలి, అంటే రెండు కమీషన్లు. కానీ కొనేవాళ్ళని నువ్వే సొంతంగా వెతుక్కుంటే వాళ్ళకి కట్టనక్కర్లేదు. సోల్ సెల్లింగ్ రైట్స్ అయితే అమ్మే హక్కే మొత్తం వాళ్ళకి రాసిచ్చినట్టు. ఆ గడువులో నువ్వు తెచ్చుకున్న మనిషైనా, నీ సొంత తమ్ముడే కొన్నా సరే, కట్టి తీరాలి. ఈ అర్థాలు నేను చెప్తున్నవి కావు, 1979 ఎస్టేట్ ఏజెంట్స్ చట్టం కింద 1991లో తెచ్చిన నిబంధనల్లో ఏ మాటకి ఏ వివరణ రాసివ్వాలో ఉంది. ఇంకోటి కూడా ఉంది, "రెడీ, విల్లింగ్ అండ్ ఏబుల్ పర్చేజర్" అని. అది ఉన్న కాగితం మీద మాత్రం అసలు సంతకం పెట్టకూడదు. కొనడానికి సిద్ధంగా ఉన్న మనిషిని వాళ్ళు తెస్తే చాలు, మనం మనసు మార్చుకుని అమ్మకం మానేసినా కమీషన్ కట్టాలి.

ఇక రెండు వారాలు ఆగడం గురించి. సోల్ సెల్లింగ్ రైట్స్ అయితే గడువు అయిపోయాక ఎక్స్ఛేంజ్ చేసినా లాభం లేదు, ఎందుకంటే కొనే మనిషి ఆ గడువు లోపల నీకు పరిచయమై ఉంటే చాలు, తర్వాత అమ్మినా కమీషన్ వర్తిస్తుందని ఆ వివరణలోనే ఉంది. ఇంకోటి, పన్నెండు వారాలు కాగానే కాంట్రాక్టు దానంతట అది ఆగిపోదు. చాలావాటిల్లో మనం రాతపూర్వకంగా పద్నాలుగు రోజుల నోటీసు ఇచ్చేదాకా నడుస్తూనే ఉంటుంది. నోటీసు ఎన్ని రోజులన్నది కూడా చూడు.

మేం 2017లో ఆఫీసులో కొలీగ్‌కే అమ్మాం. మాది సోల్ సెల్లింగ్ రైట్స్. నాలుగు వేల చిల్లర కట్టాం. ఎవరితోనూ పోట్లాడటానికి లేదు, పేపరు మీద అంత స్పష్టంగా ఉంది. ఆ డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఫైళ్ళ_మధ్య:

పాతకాపుగారు చెప్పినదాంట్లో మార్చాల్సింది ఏమీ లేదు, కొంచెం కలుపుతాను. నేను సొలిసిటర్‌ని కాదు, బర్మింగ్‌హామ్‌లో ఇళ్ళ అమ్మకాల లీగల్ పనులు చూసే ఒక కన్వేయన్సింగ్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్నాను, అందుకని నా మాట ఒక్కటే పట్టుకోకుండా మీ సొలిసిటర్‌ని కూడా అడగండి.

మీ పోస్టులో నా కన్ను పడింది డైనింగ్ టేబుల్ మీద. ఏజెంటు ఆఫీసులో కాకుండా మీ ఇంట్లో సంతకం జరిగింది కాబట్టి 2013 కన్స్యూమర్ కాంట్రాక్ట్స్ రెగ్యులేషన్స్ ప్రకారం మీకు పద్నాలుగు రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది, ఆ హక్కు ఉందని వాళ్ళే మీకు రాతలో చెప్పాలి. చెప్పకపోతే ఆ గడువు ఏకంగా పన్నెండు నెలలు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో సంతకం చేసినవాళ్ళకీ ఈ పద్నాలుగు రోజులు ఉంటాయి. ఏజెంటు ఆఫీసుకి వెళ్ళి, అక్కడే కూర్చుని సంతకం పెట్టి వచ్చినవాళ్ళకి మాత్రం ఉండవు. కాబట్టి ఆ రోజు వచ్చిన మెయిల్స్ అన్నీ, అటాచ్‌మెంట్లు సహా, ఒక్కొక్కటి తెరిచి రద్దు హక్కు గురించిన కాగితం ఉందా లేదా చూడండి. లేకపోతే మీరు ఇవాళే రద్దు చేసుకోవచ్చు.

రెండోది, కమీషన్ ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నవి సంతకానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలని 1979 చట్టం సెక్షన్ 18. అలా ఇవ్వకపోతే కోర్టు అనుమతి లేకుండా వాళ్ళు ఆ కాంట్రాక్టు అమలు చేయించుకోలేరు, కోర్టు కమీషన్ తగ్గించవచ్చు కూడా. వెల్స్ వర్సెస్ దేవాని అని 2019లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటి ఉంది. ఫోన్‌లో మాట్లాడుకున్న ఒప్పందమే అయినా చెల్లుతుందన్నారు, కానీ షరతులు సకాలంలో రాసివ్వనందుకు కింది కోర్టు కమీషన్‌లో మూడో వంతు కోసేసింది, ఆ కోత అలాగే నిలిచింది. అంటే "కాగితం సరిగ్గా లేదు కాబట్టి ఒక్క పైసా కట్టను" అనడమూ ప్రమాదమే, "సంతకం పెట్టాం కాబట్టి అడిగినంతా కట్టాలి" అనుకోవడమూ తప్పే.

మూడోది చాలా ముఖ్యం, ఈ రోజే చేయండి. మామూలుగా ఏజెంటు తన బిల్లు నేరుగా మీ సొలిసిటర్‌కి పంపిస్తాడు, కంప్లీషన్ రోజున, అంటే డబ్బూ తాళాలూ చేతులు మారే రోజున, అమ్మకం డబ్బులోంచి సొలిసిటర్ అది కట్టేసి మిగతాది మీకు వేస్తారు. మీ చేతిలోకి డబ్బు రాకముందే వెళ్ళిపోతుంది. కాబట్టి సొలిసిటర్‌కి ఒక మెయిల్ పెట్టండి, ఏజెంటు కమీషన్ మీద వివాదం ఉంది, నా రాతపూర్వక అనుమతి లేకుండా ఏ బిల్లూ కట్టవద్దు అని.

ఇంకో ప్రశ్న. ఆ కొనే కుటుంబం మీ ఇంటిని ముందుగా ఎక్కడైనా చూశారా? రైట్‌మూవ్ అనే ఇళ్ళ ప్రకటనల వెబ్‌సైట్‌లోగానీ, ఇంటి ముందు బోర్డుగానీ? వాళ్ళని అడిగి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రెడింగ్_వానజల్లు:

ఇద్దరికీ చేతులెత్తి దండం. రాత్రి పిల్లలు పడుకున్నాక మేమిద్దరం కూర్చుని తొమ్మిది పేజీలూ చదివాం. దొరికినవి రాస్తాను.

మొదటి పేజీ పైన పెద్ద అక్షరాల్లో "సోల్ ఏజెన్సీ అగ్రిమెంట్" అని ఉంది. రెండో పేజీలో గీత గీసిన డబ్బాలో సోల్ ఏజెన్సీ అంటే ఏమిటో వివరణ ఉంది, పాతకాపుగారు చెప్పినట్టే, వాళ్ళు తెచ్చిన మనిషికి లేదా ఇంకో ఏజెంటు తెచ్చిన మనిషికి అమ్మితేనే ఫీజు అని. చదివి హమ్మయ్య అనుకున్నాం. తీరా నాలుగో పేజీలో, అక్షరాలు ఎంత చిన్నవంటే మావారు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివారు, 4.3లో ఇలా ఉంది: ఏజెన్సీ గడువులో ఎక్స్ఛేంజ్ జరిగితే, కొనుగోలుదారుని మీరే స్వయంగా కనుగొన్నప్పటికీ ఫీజు వర్తిస్తుంది. మరి ఇది సోల్ ఏజెన్సీ అవుతుందా, రెండోది అవుతుందా?

రద్దు హక్కు కాగితం ఉంది. అదే రోజు వచ్చిన రెండో మెయిల్‌లో విడిగా అటాచ్ చేశారు, ఫారం కూడా ఉంది. కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే.

క్లాసు దగ్గర ఆమెని కూడా అడిగాను. మార్చిలో రైట్‌మూవ్‌లో మా ఇల్లు చూశారట, అప్పటి ధర 4,10,000, మన బడ్జెట్ కాదని వదిలేశారట. ఏజెంటుకి ఫోన్ చేయలేదు, మెయిల్ పెట్టలేదు, వ్యూయింగ్ అడగలేదు. అది మా ఇల్లేనని కూడా అప్పుడు తెలియదట, తర్వాత క్లాసులో ఎవరో చెప్తే తెలిసిందట. ఈ మాట చెప్తే మా కేసు దెబ్బతింటుందేమోనని భయమేసింది, కానీ మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి రాశాను.

సొలిసిటర్‌కి మెయిల్ పెట్టేశాను.

ఫైళ్ళ_మధ్య:

మంచి పని చేశారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది చిన్న విషయం కాదు. పై పేరు ఒకటి, డబ్బాలో వివరణ అదే పేరుకి, లోపల క్లాజు మాత్రం సోల్ సెల్లింగ్ రైట్స్ చేసే పనే చేస్తోంది. ఆ మాట వాడకుండా ఆ హక్కు తీసుకుంటున్నారు. సోల్ సెల్లింగ్ రైట్స్ కావాలనుకుంటే ఆ పేరు, ఆ వివరణ స్పష్టంగా రాసి ముందే మీకివ్వాలి, ఇవ్వలేదు. దానికి తోడు 2015 కన్స్యూమర్ రైట్స్ చట్టం సెక్షన్ 69 ఉంది: కాంట్రాక్టులో ఒక షరతుకి రెండు అర్థాలు వస్తుంటే, వినియోగదారుడికి మేలు చేసే అర్థాన్నే తీసుకోవాలి. మీకు మేలు చేసే అర్థం రెండో పేజీలో ఉంది.

రైట్‌మూవ్ సంగతి. ఏజెంటు దాన్ని పట్టుకుని "మా ప్రకటన చూసే వచ్చారు, కాబట్టి మేమే పరిచయం చేశాం" అనొచ్చు. 2008లో ఫాక్స్‌టన్స్ అనే ఏజెన్సీ కేసులో కోర్ట్ ఆఫ్ అపీల్ ఈ "పరిచయం చేయడం" అన్న మాటనే విప్పి చెప్పింది. అక్కడ కొన్నావిడ ఆ ఏజెంటుతో వెళ్ళి ఇల్లు చూసింది కూడా, నచ్చక వదిలేసి, కొన్నాళ్ళకి వేరే ఏజెంటు ద్వారా మళ్ళీ వచ్చి కొంది. ఇంటిని చూపిస్తే సరిపోదు, ఆ కొనుగోలుకి మనిషిని తీసుకొచ్చి ఉండాలి అని చెప్పి మొదటి ఏజెంటుకి కమీషన్ లేదన్నారు. మీవాళ్ళు కనీసం ఫోన్ కూడా చేయలేదు. దాచాల్సింది ఏమీ లేదు, మీరే ముందుగా రాసేస్తే వాళ్ళు తవ్వి తీసినట్టు ఉండదు.

ఫోన్‌లో మాట్లాడొద్దు. బ్రాంచి ఆయనకి కాదు, కాంట్రాక్టు చివరి పేజీలో ఫిర్యాదుల విధానం ఉంటుంది, అక్కడున్న చిరునామాకి "ఇది అధికారిక ఫిర్యాదు" అని మొదటి లైన్‌లోనే రాసి పంపండి. ఏ రోజు సంతకం, ఎక్కడ పెట్టారు, రెండో పేజీ వివరణ, 4.3 క్లాజు, కొనేవాళ్ళు ఎలా తెలిశారు, ఇంతే, కోపం ఉన్నా కాగితం మీద పెట్టకండి. ఆమె మొదటిసారి ఇల్లు చూస్తానని వాట్సాప్‌లో అడిగి ఉంటే తేదీతో స్క్రీన్‌షాట్ జత చేయండి. నోటీసు కూడా అదే రోజు విడిగా ఇవ్వండి, లేకపోతే కాంట్రాక్టు సాగుతూనే ఉంటుంది.

వాళ్ళకి ఎనిమిది వారాల టైం ఉంటుంది. జవాబు నచ్చకపోయినా, రాకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంట్లందరూ 2008 నుంచి ఏదో ఒక రిడ్రెస్ స్కీములో, అంటే ఫిర్యాదులు పరిష్కరించే సంస్థలో, సభ్యులుగా ఉండి తీరాలి, ప్రాపర్టీ అంబుడ్స్‌మన్ లేదా ప్రాపర్టీ రిడ్రెస్. మనకి ఖర్చు లేదు. వాళ్ళ నిర్ణయం మనం ఒప్పుకుంటే ఏజెంటు పాటించాల్సిందే.

కూకట్‌పల్లి_కోడలు:

మీ నాన్నగారి సంగతి చదివి రాస్తున్నాను, మా అత్తగారింట్లో మొన్ననే ఫ్లాట్ అమ్మాం కాబట్టి. హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ అమ్మితే కాగితం అనేదే ఉండదు చాలాసార్లు, ఒక శాతమో రెండు శాతమో నోటిమాట మీదే. అక్కడ గొడవ వేరే రకంగా వస్తుంది, "నేనే ముందు చూపించాను" అని ఇద్దరు బ్రోకర్లు ఒకే పార్టీ మీద కూర్చుంటారు. మాకు అదే జరిగింది, చివరికి ఇద్దరికీ చెరి సగం ఇచ్చి పంపాం. అక్కడి అలవాటుతో ఇక్కడ సంతకం పెట్టేస్తాం, ఇక్కడేమో సంతకమే అన్నీ. ధైర్యంగా ఉండండి.

ట్యూబ్_మీద_ఇల్లు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం హారోలో ఉంటాం, వచ్చే ఏడాది అమ్ముదామని చూస్తున్నాం. ఇదంతా చదివాక అసలు ఏజెంటే వద్దు, మొదటినుంచీ మేమే అమ్ముకుందాం అనిపిస్తోంది. అది అయ్యే పనేనా?

పాతకాపు_మిల్టన్‌కీన్స్:

అవుతుంది, మేం రెండో ఇల్లు అలాగే అమ్మాం. ఒక్క ఇబ్బంది, రైట్‌మూవ్‌లో మనలాంటి వాళ్ళు సొంతంగా పెట్టుకోనివ్వరు, ఏజెంటు ద్వారానే వెళ్ళాలి. అందుకే కొంతమంది ఫిక్స్‌డ్ ఫీజు తీసుకునే ఆన్‌లైన్ ఏజెంట్లని పెట్టుకుంటారు. అక్కడ చూసుకోవాల్సింది, ఆ ఫీజు ఇల్లు అమ్ముడైనా అవకపోయినా పోతుందా, అమ్ముడైతేనేనా అని. మనవాళ్ళ గ్రూపుల్లో, ఆఫీసుల్లో, గుడి దగ్గర చెప్పుకుంటే కొనేవాళ్ళు దొరకడం అంత కష్టం కాదు, కష్టం అంతా ఆ తర్వాతే.

ఈపీసీ సర్టిఫికెట్ (ఇంటికి కరెంటు, హీటింగ్ ఎంత అవుతాయో చెప్పే రేటింగు) ఉండాలి, పదేళ్ళు చెల్లుతుంది, పాతది ఉందేమో ముందు చూసుకో. ధర కోసం ముగ్గురు ఏజెంట్లని వాల్యుయేషన్‌కి పిలవొచ్చు, డబ్బు అడగరు, కానీ ఆ రోజు ఏ ట్యాబ్ మీదా వేలు పెట్టొద్దు. వీధిలో ఏ ఇల్లు ఎంతకి పోయిందో ల్యాండ్ రిజిస్ట్రీ ధరల్లో ఉచితంగానే కనిపిస్తుంది. మాట కుదిరాక ఏజెంటు ఉంటే తనే మెమొరాండం ఆఫ్ సేల్ తయారుచేసి రెండు వైపుల సొలిసిటర్లకీ పంపుతాడు, ఇక్కడ అది నువ్వే చేయాలి, ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ధర, ఇద్దరి సొలిసిటర్ల వివరాలు, ఒక్క పేజీ చాలు. తర్వాత సొలిసిటర్ టీఏ6 (ఇంటి వివరాలు), టీఏ10 (ఇంట్లో వదిలే సామాను జాబితా) ఫారాలు పంపుతారు. టీఏ6లో పక్కింటివాళ్ళతో గొడవలు, కట్టించిన ఎక్స్‌టెన్షన్‌కి అనుమతులు, అన్నీ అడుగుతారు, నిజమే రాయి, దాచిపెట్టి అమ్మితే కొన్నవాళ్ళు తర్వాత కోర్టుకి వెళ్ళొచ్చు.

ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఇంగ్లండులో ఎవరి మాటా ఎవరినీ కట్టిపడేయదు. తెలిసినవాళ్ళే కదా అని ముందుగా డబ్బు చేతికి తీసుకోవద్దు, తాళం ఇవ్వొద్దు. మామూలుగా పది శాతం డిపాజిట్ ఎక్స్ఛేంజ్ రోజున సొలిసిటర్ల ద్వారానే వెళ్తుంది. మాకు కొన్నవాళ్ళు స్నేహితులే, సర్వేలో పైకప్పు గురించి ఏదో వచ్చి మూడు వేలు తగ్గించమన్నారు. మధ్యలో ఏజెంటు ఉంటే ఆ మాట అతను చెప్పేవాడు. ఇక్కడ అన్నం తింటూ ఎదురెదురుగా కూర్చుని మేమే చెప్పుకోవాల్సి వచ్చింది. అది తట్టుకోగలిగితే చేసుకో.

గుంటూరు_టు_స్లౌ:

పాతకాపు అన్నా, నేను పైన రాసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. మా ఫ్రెండ్‌ని మళ్ళీ అడిగాను, అతనిది సోల్ ఏజెన్సీ అట, అందుకే ఏజెంటు ఏమీ అనలేదు. దాచినందువల్ల తప్పించుకున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. వానజల్లు అక్కా, సారీ.

రెడింగ్_వానజల్లు:

సారీ ఎందుకు తమ్ముడూ, నువ్వు వెంటనే జవాబు ఇచ్చావు, ఆ రోజు అదే పెద్ద ధైర్యం.

ఏమైందో చెప్పడానికి వచ్చాను. ఫైళ్ళ మధ్య గారు చెప్పినట్టే రాసి, నోటీసు విడిగా పెట్టి పంపాం. మొదటి నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు బ్రాంచి మేనేజర్ ఫోన్ చేసి, 4.3 చాలా స్పష్టంగా ఉంది, కానీ మీ కోసం సగానికి ఒప్పుకుంటాం అన్నాడు. మావారు ఒక్క క్షణం ఊఁ అనబోయారు, నేను పక్కనుంచి చెయ్యి పట్టుకున్నాను. రాతలో పంపండి, చూసి చెప్తాం అన్నాం. పంపలేదు.

పదకొండో రోజు హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పై పేరుకీ 4.3కీ పొంతన లేదన్న మా అభ్యంతరాన్ని పరిశీలించామని, ఈ కొనుగోలుదారు విషయంలో కమీషన్ అడగబోమని రాశారు. తప్పు ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు, మాకదేం అవసరం కూడా లేదు. ఫొటోలకీ ఫ్లోర్ ప్లాన్‌కీ కలిపి 360 పౌండ్లు మాత్రం కట్టమన్నారు, అమ్మకం మధ్యలో ఆపితే ఈ ఖర్చు ఇవ్వాలని ఐదో పేజీలో అంకెతో సహా ఉంది. అది మేం ఒప్పుకుని సంతకం పెట్టిందే, ఫొటోలు తీసిన అబ్బాయి వచ్చి రెండు గంటలు కష్టపడ్డాడు కూడా. కట్టేశాం. కమీషన్ లేదన్న మెయిల్ సొలిసిటర్‌కి పంపించి, ఫైల్లో పెట్టమన్నాను.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఏమైనా అడుగుతారా అని మా అమ్మ ఫోన్‌లో ఒకటే కంగారు. ఆ మెయిల్ ప్రింటు తీసి ఇంటి కాగితాల ఫోల్డర్‌లో పెట్టాను, ఆమెకి ఫొటో పంపించాను, అప్పుడు శాంతించింది.

ఇవాళ పొద్దున వ్యాన్‌లో వచ్చి ఇంటి ముందు బోర్డు పీక్కెళ్ళారు. కొనేవాళ్ళ సర్వే గురువారం.